సిస్టర్ల బడి, పన్నెండింటి గంట

మొన్న రాత్రి పదిన్నరకి మా మరదలు ఫోన్ చేసింది. ఆ టైమ్‌లో ఫోన్ మోగితే నాకు ముందు గుండె దడ, అమ్మకేమైనా అయిందేమో అని, కానీ సంగతి అది కాదు, చిన్నదాని స్కూలు గురించి. "వదినా, మీరు చదువుకున్న సిస్టర్ల స్కూల్లో ఎల్‌కేజీ ఫారాలు ఇస్తున్నారంట, మీ తమ్ముడేమో బీచ్ రోడ్డు వైపు ఏదో ఏసీ బస్సులున్న స్కూలు చూసొచ్చారు, నాకేం తోచట్లేదు, అసలు మీ స్కూలు ఎలాంటిది, ఉన్నదున్నట్టు చెప్పండి" అంది. కాసేపాగి గొంతు తగ్గించి అసలు మాట అప్పుడు చెప్పింది. "ఇది కొత్తవాళ్ళ ముందు నోరు విప్పదు కదా వదినా, పేరడిగినా చెప్పదు, అక్కడ ఎవరైనా ఏదైనా అడిగితే ఇలాగే నిలబడిపోతే ఏం చెయ్యాలి, వద్దనేస్తారేమో అని భయంగా ఉంది."

పొద్దున్న నాలుగు ముక్కలు వాట్సాప్‌లో పెడదాంలే అనుకుని పడుకున్నా, నిద్ర పట్టలేదు. నాలుగు ముక్కల్లో తేలే విషయం కాదిది. ఎందుకంటే నేనూ అలాంటి పిల్లనే. 1983 జూన్‌లో ఆ గేటు లోపలికి వెళ్ళిన దాన్ని దాదాపు రెండేళ్ళు ఆ కాంపౌండ్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో వసపిట్ట, స్కూల్లో రాయి. అందుకని మా మరదలికి చెప్పాల్సిందంతా ఇక్కడ రాసేస్తున్నా, పాత ఊళ్ళో పిల్లల్ని చేర్పించాలా వద్దా అని ఊగుతున్న వాళ్ళెవరికైనా కూడా పనికొస్తుంది.

ముందు ఆ చోటు చెప్పాలి. వైజాగ్ అంటే ఇప్పటి పిల్లలకి బీచ్ రోడ్డు, రుషికొండ, మధురవాడ. మాకు వైజాగ్ అంటే పాత పోస్టాఫీసు, కోటవీధి, కురుపాం మార్కెట్, రాణిగారి బొమ్మ, టౌన్‌హాలు, ఆ పైన మూడు కొండలు. ఒక కొండ మీద వెంకటేశ్వర స్వామి, ఒక కొండ మీద దర్గా, ఒక కొండ మీద మేరీమాత గుడి. రాస్ హిల్ అని కాగితాల్లో రాస్తారు గానీ మా వీధిలో ఎవరూ ఆ మాట అనగా నేను వినలేదు, కొండగుడి అనే అనేవాళ్ళు. హార్బర్ లోపలికి వచ్చే ఓడలో నిలబడి చూస్తే మూడూ ఒకేసారి కనిపిస్తాయని నాన్న చెప్పేవారు, ఆయన రేవులో పనిచేసేవారు కాబట్టి ఆయన చూసే ఉంటారు. మా క్లాసు కిటికీలోంచి డాల్ఫిన్స్ నోస్ కొండ అంచు కొంచెం కనిపించేది, ఓడ కూత కూస్తే మిస్ పాఠం ఆపేసేది, కూత అయిపోయాక మళ్ళీ అదే వాక్యం దగ్గర అందుకునేది.

ఆ సిస్టర్లు ఇక్కడికి ఎలా వచ్చారనేది మాకు చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు, పెద్దయ్యాక తెలిసింది. 1846లో ఆన్సీ అనే ఊరి నుంచి ఫాదర్లు విశాఖపట్నం వచ్చారు. ఏడాది తిరిగేసరికి 1847లో పాత ఊళ్ళో మగపిల్లల కోసం బడి, అదే ఇప్పటి సెయింట్ అలోషియస్. ఇంకో రెండేళ్ళకి 1849లో అదే ఆన్సీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ఆంధ్ర తీరానికి దిగారు, ముందు యానాంలో, తర్వాత ఇక్కడికి. ఆన్సీ ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది గానీ వాళ్ళు బయల్దేరిన నాటికి అది ఫ్రాన్సు కూడా కాదు, సవాయ్ సీమ, ఫ్రాన్సులో కలిసింది 1860లో. మంచు పడే చోటి నుంచి, మన ఉక్కపోతలోకి, ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి, తెలుగు ఒక్క ముక్క రాకుండా వచ్చి ఆడపిల్లలకి అక్షరాలు నేర్పడానికి కూర్చున్నారంటే ఆ ధైర్యం నాకిప్పటికీ అంతుపట్టదు. మన జ్ఞానాపురంలో కాన్వెంట్ జంక్షన్ అని బస్సు కండక్టర్లు రోజూ అరుస్తుంటారు కదా, ఆ పేరు వెనకాల ఉన్నది కూడా ఇలాంటి సిస్టర్లే. 1958లో అక్కడ ఆడపిల్లలకి కాలేజీ కూడా పెట్టారు, మా పిన్ని చదివింది అందులోనే.

మా బడి మరీ పెద్దదేం కాదు. ఎల్‌కేజీ నుంచి ఐదో క్లాసు దాకా. పొడుగాటి వరండా, వరండాకి ఒక వరసలో గదులు, పెంకుల కప్పు, చివర్లో సిస్టర్లు ఉండే మఠం, మధ్యలో ఇసక నేల, ఆ ఇసక నేల మధ్యలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు. ఆ చెట్టు కొమ్మకి గొలుసుతో ఒక రైలు పట్టా ముక్క వేలాడదీసి ఉండేది, మూరెడు పొడుగు, అదే మా బెల్లు. పక్కనే గోడకి చిన్న మేకుకి ఇనప కడ్డీ. దాంతో కొడితే టంగుమని ఆ చప్పుడు కోటవీధి దాకా వినిపించేదని మా నానమ్మ అనేది, అది విని ఆవిడ అన్నం పొయ్యి మీద పెట్టేది.

మొదటి రోజు నాకు గుర్తుంది. అంటే నిజంగా గుర్తుందా, అమ్మ చెప్పగా చెప్పగా గుర్తున్నట్టు అనిపిస్తోందా తెలీదు గానీ, గేటు దగ్గర అమ్మ చెయ్యి వదలడం, తెల్ల చీర కట్టుకున్న ఒకావిడ వంగి నా మొహంలోకి చూడడం, ఆవిడ మెడలో సిలువ నా ముక్కుకి తగలడం, అది చల్లగా ఉండడం, ఇవి మాత్రం ఎవరూ చెప్పినవి కావు. ఆవిడే పెద్ద సిస్టరు. కేరళ ఆవిడ. తెలుగు బాగానే వచ్చు గానీ ళ అనే అక్షరం ఆవిడ నోట్లో ఇంకా గట్టిగా పలికేది, పిల్లల్ని మోళే అని పిలిచేది, వాళ్ళ భాషలో అమ్మాయీ, కూతురా అని. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆవిడ గేటు దగ్గర నిలబడేది. ఎండైనా, వానైనా, గొడుగేసుకుని. గుడ్ మార్నింగ్ చెప్పించుకోడానికి కాదు. ప్రతి పిల్ల మొహం చూసేది. ఒకదాన్ని ఆపి నుదురు మీద చెయ్యి పెట్టేది, జ్వరం ఉంటే రిక్షాలోంచి దించిన అమ్మతోనే వెనక్కి పంపించేసేది. ఒకదాన్ని ఆపి "తిన్లేదా?" అనేది. తినలేదని ఆవిడకెలా తెలిసేదో మాకు అర్థమయ్యేది కాదు.

నా విషయానికొస్తే, హాజరు పిలిచేటప్పుడు ప్రెజెంట్ మిస్ అనాలి. నేను అనేదాన్ని కాదు. లేచి నిలబడేదాన్ని అంతే. ఎల్‌కేజీ మిస్ ఊరుకుంది, యూకేజీ మిస్ ఊరుకోలేదు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అరవై మంది పిల్లలు ఆవిడకి, ఒక్కొక్కళ్ళతో సాగదీయడానికి టైమెక్కడిది. కానీ నన్ను నోరు విప్పేదాకా నిలబెట్టేది, పిల్లలందరూ తిరిగి చూసేవాళ్ళు, చూసినకొద్దీ నా గొంతు ఇంకా లోపలికి పోయేది. మా ఆయమ్మ ఒకావిడుండేది, మాకు క్యారేజీలు విప్పి పెట్టే ఆవిడ, "ఏటే గుంటా, నోట్లో బెల్లం ముక్కెట్టుకున్నావేటి, మాటాడవు? మీ అమ్మతో బాగానే మాటాడతావు గదే" అనేది. ఆవిడ మాటలకి నవ్వొచ్చేది. నవ్వేదాన్ని కూడా. మాట మాత్రం వచ్చేది కాదు.

అమ్మని పిలిపించి మూగదేమో డాక్టరుకి చూపించమన్నారు ఒకసారి. అమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది. నాన్న నన్ను వాకిట్లో కూర్చోబెట్టుకుని ఏం అడగకుండా జామకాయ కోసి పెట్టారు, అది కూడా గుర్తుంది నాకు.

ఒకటో క్లాసులో జరిగింది ఇది. కేథలిక్కులు రోజుకి మూడుసార్లు, పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి ఒక చిన్న ప్రార్థన చేస్తారు, త్రికాల జపం అంటారు. దానికి గంట కొట్టే పద్ధతి వేరు. మూడు కొట్టి ఆగాలి, మళ్ళీ మూడు కొట్టి ఆగాలి, మళ్ళీ మూడు, ఆ తర్వాత తొమ్మిది వరసగా. మా స్కూల్లో పీరియడ్ బెల్లు వాచ్‌మన్ కొట్టేవాడు, ఈ పన్నెండింటి గంట మాత్రం ఎవరో ఒక పిల్ల చేత కొట్టించేవాళ్ళు. పెద్ద క్లాసు పిల్లలకే ఆ అదృష్టం. ఒకరోజు పెద్ద సిస్టరు మా క్లాసుకొచ్చి మిస్‌తో ఏదో మాట్లాడి నన్ను రమ్మంది. నా కాళ్ళు వణికిపోయాయి, మాట్లాడనందుకు శిక్షేమో అనుకున్నా. చెట్టు కిందకి తీసుకెళ్ళి ఒక ముక్కాలి పీట వేసి నన్ను ఎక్కించి కడ్డీ చేతికిచ్చింది. "మోళే, నేను లోపల చాపెల్‌లో ఉంటా, నాకు లెక్క తెలీదు, నువ్వు కొట్టేటప్పుడు గట్టిగా లెక్కపెట్టు, నాకు వినపడాలి" అని చెప్పి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

అంతే. ఆవిడ అక్కడ నిలబడి ఉంటే నేను అనేదాన్ని కాదు. చుట్టూ ఎవరూ లేరు, చెట్టు మీద కాకులు తప్ప. కొట్టాను. చప్పుడు నా ఒళ్ళంతా పాకింది. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినపడదనే ధైర్యంతో ఒకటి అన్నాను. రెండు. మూడు. తెలుగులోనే అన్నాను, వన్ టూ త్రీ అనాలని తోచలేదు. ఆ బడిలో నా మొదటి మాటలు అవే. తొమ్మిది దాకా వచ్చేసరికి అరుస్తున్నానంట, ఆయమ్మ తర్వాత అమ్మకి చెప్పింది, "గుంట గొంతు సూడాలమ్మా, మైకెందుకూ" అని.

ఆ ఏడాదంతా ఆ గంట నాదే. సిస్టర్ ఎప్పుడూ నన్ను మాట్లాడావు శభాష్ అనలేదు, క్లాసులో చెప్పలేదు, చప్పట్లు కొట్టించలేదు. రోజూ జపం అయ్యాక చాపెల్ గుమ్మంలోకి వచ్చి "ఇవాళ సరిగ్గా ఉంది" అనో, "రెండోసారి నాలుగు కొట్టావు" అనో అనేది, అంతే. నాలుగు కొట్టలేదని నేను ఒకరోజు ఎదురు చెప్పాను. "కొట్టలేదు సిస్టర్, మూడే" అన్నాను. ఆవిడ నా వైపు చూసి తలూపి, సరే మూడే, అని లోపలికి వెళ్ళిపోయింది. నాలుగని కావాలని అందేమోనని నాకు ముప్పై దాటాక తట్టింది, నా పిల్లని చంకనేసుకుని వంటింట్లో నిలబడి ఉన్నప్పుడు. ఆవిడ అప్పటికి లేరు.

అందుకే మరదలా, ఆ బడిలో ఇంగ్లీషు బాగా చెప్తారా, ర్యాంకులొస్తాయా అని నువ్వడిగితే నేను సగం మనసుతోనే జవాబు చెప్తాను. ఇంగ్లీషు బాగానే వచ్చింది. నాలుగు గీతల కాపీల మీద కలిపిరాత రాయించి రాయించి మా అందరి చేతిరాతా ఒకేలా తయారైంది, ఇప్పటికీ బ్యాంకులో ఫారం నింపుతుంటే "మీరు సిస్టర్ల దగ్గర చదివారా" అని అడిగినవాళ్ళున్నారు. కానీ నేను ఆ స్కూలు గుర్తొచ్చినప్పుడల్లా తలుచుకునేది కాపీలని కాదు, ఒక పెద్దమనిషి ఒక పిల్లని రెండేళ్ళపాటు దూరం నుంచి కనిపెట్టి చూసి, దానికి ఏం కావాలో ఆలోచించి, ఒక పీట వేసి వెళ్ళిపోవడాన్ని.

మా నానమ్మకి మొదట్లో అస్సలు ఇష్టం లేదు. కిరస్తానం బడిలో వేస్తే పిల్ల బొట్టు తీసేస్తుందని ఆవిడ భయం, ఇప్పటికీ చాలామంది అమ్మమ్మలకీ నానమ్మలకీ ఉన్న భయమే, మా మరదలి వాళ్ళమ్మకి కూడా ఉందనుకుంటా. నానమ్మ మనసు మారింది మాటల వల్ల. కేథలిక్కులు తెలుగులో చర్చిని గుడి అంటారు, ఆదివారం ప్రార్థనని పూజ అంటారు, సిస్టర్లని మఠకన్యలు అంటారు, వాళ్ళుండేది మఠం. మా పక్క వాటాలో ఉండే కేథలిక్కు ఆవిడ "పూజకెళ్ళొస్తా మామ్మగారూ" అని చెప్పి వెళ్తుంటే నానమ్మకి మెల్లగా అలవాటైపోయింది. తర్వాత ఒక బుధవారం నా ఫ్రెండు నుదుటి మీద బూడిద రాసుకుని మా ఇంటికొచ్చింది. విభూది బుధవారం అది, ఈస్టర్ ముందు తపస్సు కాలం మొదలయ్యే రోజు, పోయినేడాది మట్టల ఆదివారం నాడు గుడికి పట్టుకెళ్ళిన మట్టల్ని దాచిపెట్టి, ఎండాక కాల్చి ఆ బూడిదే నుదుట పెడతారు. నానమ్మ ఆ పిల్లని దగ్గరకి పిలిచి చూసి "విభూది పెట్టుకున్నారే వీళ్ళు కూడా" అంది. ఆ తర్వాత ఇంక ఆ స్కూలు గురించి ఒక్క మాట అనలేదు.

నాకు బొట్టు తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పూలు పెట్టుకెళ్తే తీయమనేవాళ్ళు, అది అందరికీ, యూనిఫామ్ నియమం. కేథలిక్కు పిల్లలు సత్యోపదేశం క్లాసుకి, అంటే వాళ్ళ మతం పాఠాలకి, వేరే గదికి వెళ్ళిపోయేవాళ్ళు, ఆ గంట మాకు మోరల్ సైన్స్, అబద్ధం చెప్పకూడదు, పక్కవాళ్ళ పెన్సిల్ తియ్యకూడదు, ముసలివాళ్ళు బస్సెక్కితే లేవాలి, ఇలాంటి కథలు. ఈ భయం ఉన్నవాళ్ళకి ఒక మాట, మన రాజ్యాంగంలోనే ఉంది, 28వ అధికరణంలో, ప్రభుత్వ గుర్తింపు ఉన్నా, ప్రభుత్వ డబ్బు తీసుకుంటున్నా ఏ విద్యాసంస్థలోనూ ఇష్టం లేకుండా ఎవరికీ మతబోధ చెయ్యకూడదు, చిన్నపిల్లలైతే తల్లిదండ్రులో పెంచేవాళ్ళో ఒప్పుకోవాలి. 30వ అధికరణం మైనారిటీలకి తమ బడులు తాము పెట్టి నడుపుకునే హక్కిచ్చింది. రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అందుకే చేర్పించేముందు మా పిల్లకి ఆ పీరియడ్‌లో ఏం చెప్తారని మొహమాటం లేకుండా అడగండి, అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

పరలోకమందున్న మా తండ్రీ అని అసెంబ్లీలో రోజూ విని విని నాకూ నోటికొచ్చేసింది, ఇంట్లో సాయంత్రం దీపం దగ్గర నానమ్మ స్తోత్రాలూ నోటికొచ్చాయి. రెండూ ఇప్పటికీ ఉన్నాయి. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నప్పుడు రెండూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

క్రిస్మస్ గురించి చెప్పకపోతే ఎలా. డిసెంబర్ మొదట్లో ప్రతి పిల్లకీ ఒక పని. ఇంటి నుంచి కొబ్బరి చిప్ప, గుప్పెడు చోళ్ళు తెచ్చుకోవాలి. రాగులంటారే, మన వైపు చోళ్ళు. చిప్పలో మట్టి వేసి చోళ్ళు చల్లి వరండా అంచున వరసగా పెట్టి పేర్లు రాసిన కాగితాలు గుచ్చేవాళ్ళం. రోజూ చేత్తో నీళ్ళు చిలకరించడం. పది పన్నెండు రోజులకి పచ్చగా వేలెడెత్తు లేచేవి. ఎవరి చిప్ప ఎక్కువ పచ్చగా ఉందో కొలుచుకోవడం, ఎవరిదైనా మొలవకపోతే దాని ఏడుపు, ఆయమ్మ రాత్రికి రాత్రి ఇంకో చిప్ప మార్చి పెట్టడం. సెలవులిచ్చే ముందురోజు పశువుల పాక కట్టి, చుట్టూ మా చిప్పలన్నీ పేర్చేవాళ్ళు, అది బెత్లెహేము పొలం. బాలయేసు స్వరూపం పెట్టే చోటు గడ్డి మీద ఖాళీగా ఉండేది, క్రిస్మస్ రాత్రి దాకా పెట్టరు. సెలవుల్లో ఆ ఖాళీ నిండిందో లేదో చూడ్డానికి నాన్న సైకిల్ మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళేవారు.

డిసెంబర్ 8 కొండగుడి పండగ. ఆ రోజు ఊరంతా కొండెక్కుతుంది, అన్ని మతాల వాళ్ళూ, పూలదండలూ కొవ్వొత్తులూ పట్టుకుని. మా అమ్మ కూడా ఎక్కేది, నేను మాట్లాడితే వచ్చి కొవ్వొత్తి వెలిగిస్తానని మొక్కుకుందంట, నేను ఒకటో క్లాసులో ఉన్నప్పుడు ఆ మొక్కు తీర్చింది. అదే అమ్మ అదే నెలలో సింహాచలం కూడా వెళ్ళొచ్చింది, అక్కడా మొక్కుంది మరి.

1986 ఫిబ్రవరిలో పోప్ జాన్ పాల్ మద్రాసు వచ్చినప్పుడు మా సిస్టర్లు ఇద్దరు రైల్లో వెళ్ళొచ్చారు, స్టేషన్ని మేమంతా అప్పుడు వాల్తేరు అనే అనేవాళ్ళం. వచ్చాక క్లాసు క్లాసుకీ తిరిగి చెప్పారు, దూరం నుంచి తెల్లగా చిన్నగా కనిపించారంట, అంతే, దానికే వాళ్ళ కళ్ళు మెరిసిపోయాయి. తలా ఒక బొమ్మ కార్డు ఇచ్చారు. నాది నీలం కొంగు మేరీమాత. ఇంకా ఉంది నా దగ్గర, మూలలు అరిగిపోయి.

అన్నీ మంచివే చెప్తే మరదలు నమ్మదు, నమ్మకూడదు కూడా. తెలుగు మాట్లాడితే మెడలో ఒక అట్టముక్క వేసేవాళ్ళు, ఇంకెవరైనా తెలుగులో మాట్లాడేదాకా అది మన మెడలోనే. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్ళకి పది పైసలు ఫైను. దాన్ని నేను క్షమించలేను. కష్టపడి నోరు విప్పిన పిల్లని నేను, ఆ అట్టముక్క భయానికి మూడో క్లాసులో మళ్ళీ కొన్నాళ్ళు ముడుచుకుపోయాను. ఇంటర్వెల్‌లో ఆడుకునేటప్పుడు కూడా మాట ముందు వెనకా చూసుకోవాలంటే పిల్లలకి అదేం ఆట. స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టే మిస్ ఒకావిడ ఉండేది. మోకాళ్ళ మీద వరండాలో కూర్చోబెట్టడం మామూలు. అరవై మంది క్లాసని చెప్పాను కదా, వెనక బెంచీ పిల్లలు వెనకే ఉండిపోయారు, పెద్ద సిస్టర్ చూపు కూడా అందరి మీదా పడలేదు. నాతో చదివిన ఒకమ్మాయి మూడుసార్లు అదే క్లాసులో ఉండి ఐదో క్లాసు కాకుండానే మానేసింది, తర్వాత మార్కెట్లో వాళ్ళమ్మ పక్కన కూరలమ్ముతూ కనిపించింది, నన్ను గుర్తుపట్టి వంకాయలు ఎక్కువ తూచింది. ఆ పిల్లకి ఏ పీట వెయ్యాలో ఎవరికీ తట్టలేదు.

ఆ తెలుగు అట్ట గోలలోనే, మాకు తెలుగు చెప్పే టీచరుగారు మాత్రం పద్యం రాగం తీసి పాడితే వరండాలో వెళ్ళే సిస్టర్లు కిటికీ దగ్గర ఆగి వినేవాళ్ళు.

మధ్యాహ్నం క్యారేజీల గంట నాకు చాలా ఇష్టం. గేటు బయట అమ్మలు, అమ్మమ్మలు, సైకిళ్ళ మీద క్యారేజీల అబ్బాయి. చెట్టు కింద గుండ్రంగా కూర్చునేవాళ్ళం, ముందు చేతులు జోడించి ప్రార్థన, తర్వాత మూతలు తెరిచేసరికి ఆ వాసన, ఒకరిది ఆవకాయ, ఒకరిది నెత్తళ్ళ వేపుడు, ఒకరిది పప్పుచారు, మా బెంచీలో ఆంగ్లో ఇండియన్ అమ్మాయి ఒకతి ఉండేది, వాళ్ళ నాన్న రైల్వేలో, అది పసుపచ్చ అన్నం, కోఫ్తాలు తెచ్చేది. మా ఇంట్లో నీచు తినరు, నాకు ఎవరూ పెట్టేవాళ్ళు కాదు, కానీ పక్కన కూర్చుంటే లేవమనే వాళ్ళూ లేరు. కులమేంటని ఆ చెట్టు కింద ఎవరూ అడగలేదు. తర్వాత హైస్కూల్లో అడిగారు, అప్పుడు తెలిసింది అలా కూడా అడుగుతారని. తపస్సు కాలంలో శుక్రవారం శుక్రవారం పిడికెడు బియ్యం పొట్లం కట్టుకుని తేవాలి, మూలన పెద్ద డబ్బా, నిండాక వృద్ధాశ్రమానికి వెళ్ళేది, తెచ్చిందెవరో తేనిదెవరో ఎవరూ రాసుకోలేదు.

శనివారం తెల్ల యూనిఫామ్, తెల్ల క్యాన్వాస్ బూట్లకి సుద్దముక్క అరగదీసి పూసుకునేవాళ్ళం. గాలి రేవు వైపు నుంచి ఇటు తిరిగిందంటే బొగ్గు నుసి వచ్చి పడేది, కిటికీ గట్టు మీద వేలితో పేరు రాసుకునేంత. మా అమ్మ ఆ కాలర్లు ఉతికిన ఉతుకు ఇప్పటికీ తలుచుకుంటుంది.

2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. ఆ ఆదివారం ఊళ్ళో నిలబడ్డ చెట్టు లేదు. నీళ్ళూ కరెంటూ లేని ఆ వారంలోనే ఒకరోజు తమ్ముడి బండి మీద అటు వెళ్ళాను. గేటు పక్కకి ఒరిగిపోయింది, నిద్రగన్నేరు వేళ్ళతో సహా లేచి వరండా మీద పడి ఉంది. పెంకులన్నీ పొడి. ఒక సిస్టరు చీపురు పట్టుకుని ఊడుస్తోంది, నేను ఎవరో చెప్పుకున్నాను, ఆవిడ కూర్చోబెట్టి బిందెలోంచి నీళ్ళిచ్చింది, ఆ రోజుల్లో గ్లాసు మంచినీళ్ళంటే ఏంటో ఆ వారం వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు. రైలు పట్టా ముక్క ఎక్కడా కనపడలేదు నాకు. అడగడానికి మొహమాటపడి వచ్చేశాను.

సరే, ఫోనొచ్చిన రెండోరోజు నేనే బయల్దేరి మరదల్నీ చిన్నదాన్నీ తీసుకుని వెళ్ళాను. బడి విడిచిపెట్టే వేళకి వెళ్దామన్నాను, ఏ బడైనా ఆ వేళకే చూడాలి. పిల్లలు బయటికొచ్చేటప్పుడు మొహాలు ఎలా ఉన్నాయి, గేటు దగ్గర పెద్దవాళ్ళెవరైనా నిలబడ్డారా, తీసుకెళ్ళేవాళ్ళు ఆలస్యమైన పిల్ల ఎవరి పక్కన కూర్చుంది, ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది. లోపలికెళ్ళాక సెక్షన్‌కి ఎంతమందని మరదల్ని అడగమన్నాను, నలభై లోపే అన్నారు. తెలుగు మాట్లాడితే ఏమంటారని నేనే అడిగాను. ఇప్పుడు అట్టలూ ఫైన్లూ ఏమీ లేవన్నారు, చిన్న క్లాసుల్లో తెలుగులో చెప్పి తర్వాత ఇంగ్లీషు చెప్తామన్నారు. వింటుంటే ఎక్కడో ముల్లు తీసినట్టయింది.

ఇప్పటి పెద్ద సిస్టరు మన శ్రీకాకుళం వైపు ఆవిడ, వయసులో నాకంటే చిన్న. చిన్నదాన్ని చూసి పేరేంటమ్మా అంది. ఇది నా చీర కుచ్చిళ్ళలో దూరిపోయింది. మరదలి మొహం పాలిపోయింది. సిస్టర్ రెండోసారి అడగలేదు. బల్ల సొరుగు తీసి రంగు సుద్దముక్కలు రెండు తీసి కుర్చీ మీద పెట్టి, మాతో ఫీజుల సంగతి, యూనిఫామ్ సంగతి మాట్లాడుతూ ఉండిపోయింది. కాసేపటికి ఇది కుచ్చిళ్ళలోంచి బయటికొచ్చి ఆ ముక్కలు తీసుకుని వరండాలోకి వెళ్ళి నేల మీద ఏవో గీతలు గీసుకుంటూ కూర్చుంది. నేల పాడవుతుందని మరదలు లేవబోతే సిస్టర్ చేత్తోనే వద్దని ఆపింది.

ఇంటికెళ్ళేటప్పుడు ఆటోలో నా ఒళ్ళో కూర్చుని, కాన్వెంట్ జంక్షన్ దాటాక నోరు తెరిచింది. "అత్తా, వరండాలో పైన ఇనప ముక్క వేలాడుతోంది, అదెందుకు?"

నేను చూడలేదు. అంతసేపు అక్కడ కూర్చుని కూడా తలెత్తి చూడలేదు. దూలానికి ఉందంట, గొలుసుతో, ఇది నేల మీద కూర్చుని పైకి చూసింది కాబట్టి కనిపించింది. అది గంట అని చెప్పాను. ఎవరు కొడతారంది. నేను కొట్టేదాన్ని అన్నాను. "నువ్వా? ఎలా కొట్టావు?" ముందు మూడు కొట్టి ఆగాలి, మళ్ళీ మూడు అని చెప్పేసరికి ఆటో సీటు కమ్మీ మీద సుద్దముక్కతో కొట్టడం మొదలెట్టింది, ఒకటి, రెండు, మూడు, అని పైకే లెక్కపెడుతూ, ఆటో అబ్బాయి అద్దంలోంచి చూస్తున్నా ఆపలేదు.

మరదలా, ఫారం సోమవారం లోపు ఇచ్చెయ్యమన్నారు. బర్త్ సర్టిఫికెట్ జిరాక్సులు రెండు, ఆధార్, ఫోటోలు నాలుగు. ఫోటో స్టూడియోలో దాన్ని నవ్వు నవ్వు అని విసిగించొద్దు, ఎలా ఉంటే అలాగే తియ్యమను.